క్లబ్‌హౌస్ తర్వాత చూడొచ్చు, ముందు పంపు రూమ్ చూడండి: హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్ కొనేముందు చేయాల్సిన తనిఖీ

మా చెల్లి వాళ్ళు రెండేళ్ళ కింద నల్లగండ్ల వైపు ఫ్లాట్ చూడటానికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఆదివారం పొద్దున పదకొండు గంటలు, ఎండ ఇంకా ముదరలేదు. సేల్స్ అబ్బాయి చాలా మర్యాదగా క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, మినీ థియేటర్ అన్నీ తిప్పి చూపించి, మోడల్ ఫ్లాట్‌లో కూర్చోబెట్టి చల్లటి మజ్జిగ ఇచ్చాడు. చెల్లి అప్పటికే పూజగది ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ అని మనసులో సర్దేసుకుంటోంది. అక్కడ మొదటి రెండు బ్లాకుల్లో జనం దిగి ఆరు నెలలైంది. "బాబూ, ఆ బ్లాకుల ఫైర్ పంపు రూమ్ ఒకసారి చూపిస్తావా?" అని అడిగాను. అతనికి అదెక్కడుందో తెలియదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు, ఆయన ఎలక్ట్రీషియన్‌కి చేశాడు, తాళం చెవి దొరికేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

తలుపు తీస్తే లోపల సిమెంటు బస్తాలు, విరిగిన కుర్చీలు. ఎర్రరంగు పంపులు కొత్తవే, ప్లాస్టిక్ కవరు కూడా పూర్తిగా తీయలేదు. ప్యానెల్ మీద ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు గుర్తులున్న స్విచ్ ఆఫ్‌లో ఉంది. పైపు మీద గుండ్రటి ప్రెషర్ గేజ్ ఉంటుంది, దాని ముల్లు సున్నా మీద ఉంది. అంటే ఆ రాత్రి పద్నాలుగో అంతస్తులో నిప్పంటుకుంటే గొట్టంలోకి చుక్క నీరు రాదు. ఆ రెండు బ్లాకుల్లో పిల్లాపాపలతో రోజూ పడుకుంటున్న వాళ్ళెవరికీ ఆ సంగతి తెలియదు.

టోకెన్ ఇవ్వకుండా వచ్చేశాం. చెల్లి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నేను మా అపార్ట్‌మెంట్ సంఘంలో నాలుగేళ్ళు కోశాధికారిగా చేశాను. లీకేజీలు, ట్యాంకర్ బిల్లులు, లిఫ్టు గొడవలు, బిల్డర్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు, అన్నీ నా చేతుల మీదుగా వెళ్ళాయి. దాంతో ఒకటి బాగా అర్థమైంది: అమ్మేవాళ్ళు మనకి చూపించే జాగాలు వేరు, మన బతుకు ఆధారపడే జాగాలు వేరు. కింద రాసిందంతా ఆ రెండో రకం జాగాల గురించే. వరుసగా చేసుకుంటూ వెళ్ళండి, ఎక్కడ తేడా కొడితే అక్కడ ఆగిపోండి.

1. ఇంట్లో కూర్చునే చేయాల్సింది: కాగితాలు

తెలంగాణ రెరా, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల మీద అజమాయిషీ చేసే సంస్థ, దాని వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరు కొట్టి చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అది లేకుండా ప్రకటన ఇవ్వడమే చట్టవిరుద్ధం. "రెరా నంబరు వస్తే రేటు పెరిగిపోతుంది, ఇప్పుడే మొత్తం కట్టేస్తే సగం ధరకి ఇస్తాం" అని ప్రీలాంచ్ పేరుతో, యూడీఎస్ పేరుతో ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. యూడీఎస్ అంటే ఆ భూమిలో మీకొచ్చే విడదీయని వాటా, అంతే. అనుమతులే రాని చోట ఆ వాటా చేతికొచ్చినా మీ ఫ్లాట్ అయితే కాగితం మీద కూడా ఉండదు. ఎంతోమంది రిటైర్మెంట్ డబ్బులు ఇలాగే ఇరుక్కుపోయాయి, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. 2016 రెరా చట్టం ప్రకారం అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ మీ దగ్గర ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా చాలా టెన్షన్ తప్పుతుంది.

రెరా పేజీలోనే మంజూరైన ప్లాన్ ఉంటుంది. దాన్ని దింపుకుని ప్రింట్ తీయించి, బ్రోచర్ పక్కన పెట్టుకుని చూడండి. బ్రోచర్‌లో పార్కుగా పచ్చరంగు వేసిన చోట మంజూరైన ప్లాన్‌లో ఇంకో బ్లాకు ఉండొచ్చు, లేదా 'తదుపరి దశ' అని రాసి ఉండొచ్చు. మంజూరైన ప్లాన్‌లో ఉమ్మడి స్థలాలు మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కానీ మొదటి నుంచీ ప్లాన్‌లో ఉన్నదాని గురించి తర్వాత మీరు ఏం చేయలేరు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. జీహెచ్‌ఎంసీ గానీ హెచ్‌ఎండీఏ గానీ అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతం తమ పేర తనఖా పెట్టించుకుంటాయి. ప్లాన్ ప్రకారం కట్టి ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, తెచ్చుకున్నాకే విడిపిస్తాయి. మీకు చూపిస్తున్న ఫ్లాట్ ఆ తనఖాలో ఉన్నదేమో నంబరుతో సహా అడగండి, ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించి సరిచూసుకోండి. "తక్కువకి ఇస్తున్నాం సార్" అన్న ఫ్లాట్ దగ్గర ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. టైటిల్, లింకు డాక్యుమెంట్ల సంగతి మంచి లాయర్‌కి అప్పజెప్పండి, బ్యాంకు లోను ఇచ్చింది కదా అని వదిలేయకండి.

2. చుట్టూ నీళ్ళు ఎటు పోతాయో చూడండి

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన గుర్తున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. సెల్లార్లలో కార్లు తేలాయి, కాలనీలకి కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఈ ఊరు గొలుసుకట్టు చెరువుల మీద కట్టిన ఊరు. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకి వెళ్ళేది, ఆ దారిలో ఇప్పుడు మన అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

అందుకే హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్ళు వచ్చే హద్దు, ఎక్కడుందో చూడండి. పది హెక్టార్లు, అంటే దాదాపు పాతిక ఎకరాలు, దాటిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అక్కడ కట్టకూడదు. పెద్ద నాలాకి కూడా 9 మీటర్లు వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టాక కొన్నవాళ్ళు రోడ్డు మీద కూర్చుని ఏడవడం అందరం టీవీలో చూశాం. 'లేక్ వ్యూ' అని రాసి ఉంటే సంతోషించే ముందు ఆ లేక్ ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలవండి.

మ్యాపు కంటే మంచి సాక్షులు ఆ వీధిలోనే ఉంటారు. టీ కొట్టు అతన్నో, పక్కన పాత ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయన్నో "తాతా, వానొస్తే ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వస్తాయి?" అని అడగండి. వాళ్ళు చేత్తో గోడ మీద చూపిస్తారు. విజయవాడలో కొనేవాళ్ళు 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఇలాగే కనుక్కోవాలి, గోడల మీద ఆ మరకలు ఇంకా కొన్నిచోట్ల కనిపిస్తాయి.

3. మూడుసార్లు వెళ్ళండి, మూడు వేళల్లో

మొదటిసారి వాళ్ళు రమ్మన్నప్పుడు వెళ్తారు, సరే. రెండోసారి మామూలు పనిరోజు పొద్దున ఎనిమిదింటికి వెళ్ళండి. స్కూలు బస్సులు, ఆఫీసు కార్లు ఒకేసారి బయటికి వచ్చే వేళ అది. సెల్లార్ ర్యాంపు మీద రెండు కార్లు ఎదురైతే ఏమవుతోంది, గేటు ముందు రోడ్డు ఎంత వెడల్పు, బస్సు ఎక్కడ ఆగుతోంది, పిల్లలు రోడ్డు దాటాల్సి వస్తోందా, అన్నీ పావుగంటలో తెలిసిపోతాయి. మూడోసారి వాన పడుతున్నప్పుడో, పడిన గంటలోపో వెళ్ళండి. సెల్లార్‌లోకి దిగండి. గోడల మీద తడి, మూలల్లో తెల్లటి ఉప్పు పొరలు, సంప్ పంపు తిరుగుతోందా, ర్యాంపు పై అంచున అడ్డంగా జాలీ కాలువ ఉందా చూడండి. కొత్త భవనంలోనే సెల్లార్ చుట్టూ మట్టిని ఆపే రిటైనింగ్ వాల్ కారుతుంటే ఐదేళ్ళ తర్వాత మీ కారు టైర్లు నీళ్ళలో ఉంటాయి.

ఇంకా కట్టలేదు, చూడటానికి గుంత తప్ప ఏం లేదంటారా? అయితే అదే బిల్డర్ ఐదారేళ్ళ కింద కట్టి అప్పజెప్పిన అపార్ట్‌మెంట్‌కి వెళ్ళండి. ఇది అన్నిటికంటే విలువైన పని. అక్కడ వాచ్‌మన్‌ని, లిఫ్టులో ఎక్కిన ఆంటీని, మెట్ల దగ్గర బైక్ తుడుచుకుంటున్న అబ్బాయిని అడగండి: "బిల్డర్ ఫోన్ ఎత్తుతాడా?" వాళ్ళ జవాబు, వాళ్ళ మొహం రెండూ గమనించండి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి వీడియో కాల్‌లో కొనేవాళ్ళు కనీసం ఈ ఒక్క పనికైనా బావమరిదినో పెదనాన్న కొడుకునో పంపించండి, సేల్స్ వాళ్ళు పట్టుకున్న ఫోన్ కెమెరా మీద ఆధారపడకండి.

4. ఫ్లాట్ లోపల: టేపు తీయండి

మోడల్ ఫ్లాట్‌లో మంచాలు చిన్నవి వేస్తారు, కొన్నిచోట్ల గదులకి తలుపులే బిగించరు. మామూలు డబుల్ కాట్ దాదాపు ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు ఉంటుంది. దానికి రెండడుగుల లోతు బీరువా, బీరువా తలుపు తెరుచుకునే జాగా, మనిషి తిరిగే జాగా కలుపుకోండి. పది అడుగుల గదిలో ఏం మిగులుతుందో నేల మీద సుద్దముక్కతో గీసి చూడండి. నేను నిజంగానే సుద్దముక్క తీసుకెళ్తాను.

మేం మా ఫ్లాట్ 1,450 ఎస్‌ఎఫ్‌టీ అని కొన్నాం. కొలిస్తే కార్పెట్ ఏరియా 1,020 వచ్చింది. రెరా లెక్కలో కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు, బాల్కనీ, షాఫ్టులు పోగా లోపల వాడుకునే జాగా, లోపలి అడ్డగోడలు మాత్రం కలుస్తాయి. మిగతా 430 అంతా కారిడార్‌లో, లిఫ్టులో, బాల్కనీలో, క్లబ్‌హౌస్ వాటాలో ఉంది. కాబట్టి రెండు ప్రాజెక్టుల రేట్లు పోల్చేటప్పుడు మొత్తం ధరని కార్పెట్ ఏరియాతో భాగించి పోల్చండి, అప్పుడు 'చవక' అనుకున్నది చాలాసార్లు చవక కాదు.

గాలీ వెలుతురూ గురించి నా పట్టుదల ఒకటుంది. తూర్పు ఫేసింగ్ కోసం లక్షలు ఎక్కువ పెట్టేవాళ్ళు ఆ ఫ్లాట్‌లో ఎదురెదురు కిటికీలు ఉన్నాయా అని చూడరు. వాస్తు చూసుకోండి, మా అమ్మ కూడా చూస్తుంది, కానీ మధ్యాహ్నం లైటు వేయకుండా వంటింట్లో కూర తరగగలరా అన్నది అంతకంటే ముందు చూడాలి. పడమటి గోడ మీద అడ్డు ఏమీ లేకుండా బెడ్‌రూమ్ ఉంటే ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పదింటికి కూడా గోడ వేడిగా ఉంటుంది. అల్యూమినియం ఫ్రేములతో పోసే కాంక్రీటు గోడల భవనాలు ఇప్పుడు ఎక్కువ, వీటిని మైవాన్ అంటారు. అవి గట్టివే, పనీ తొందరగా అవుతుంది, కానీ ఇటుక గోడలా తర్వాత కొట్టి కొత్త ప్లగ్ పాయింటు పెట్టుకోవడం, గోడ తీసి గది పెంచుకోవడం కుదరదు. కాబట్టి ఇన్వర్టర్, గీజర్, ఏసీ పాయింట్లు మొదటే లెక్కపెట్టుకోండి.

వంటిల్లు మన వంటిల్లేనా చూడండి. గ్రైండర్, పాతిక కేజీల బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు ఎక్కడ పెడతారు? తాలింపు ఘాటు చిమ్నీ గొట్టంలోంచి ఎక్కడికి పోతుంది, ఎదురింటి కిటికీలోకా? వాష్ ఏరియాలో వాషింగ్ మెషిన్ పెట్టాక బట్టలారేయడానికి దండెం కట్టే జాగా ఉందా? చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని నియమం ఉంటుంది, ఆ నియమం కొన్నాకే తెలుస్తుంది. అమ్మానాన్నలు మీతో ఉండేవాళ్ళైతే వాళ్ళ గదికి ఆనుకున్న బాత్రూమ్ గుమ్మం ఎత్తు, వీల్‌చైర్ పట్టేంత తలుపు వెడల్పు కూడా కొలవండి.

5. నిప్పు: ఇక్కడ మొహమాటం వద్దు

2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో పెట్టిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్నవాళ్ళు పొగలో చిక్కుకుని చనిపోయారు. 2025 మేలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది ఒకే ఇంట్లో పోయారు, ఆ పాత భవనానికి బయటికి రావడానికి ఇరుకైన దారి ఒక్కటే. ఇలాంటి చోట్ల మంట కంటే ముందు పొగ చంపుతుంది. అందుకే మెట్లు, తలుపులు, నీళ్ళు, ఈ మూడూ నేను ముట్టుకుని చూస్తాను.

మెట్లు: ఎత్తైన భవనంలో రెండు మెట్లదారులు, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. పైనుంచి కిందిదాకా ఒకసారి దిగండి, లిఫ్టు వద్దు. ఏ అంతస్తులో చెప్పుల స్టాండులు, సైకిళ్ళు, పాత సోఫాలు అడ్డం ఉన్నాయో లెక్కపెట్టండి. కింద మెట్ల తలుపుకి గొలుసు వేసి తాళం పెట్టారా చూడండి, దొంగల భయమని చాలాచోట్ల అలా చేస్తారు.

తలుపులు: మెట్లదారి తలుపు బరువుగా, దానంతటదే మూసుకునేలా ఉండాలి. పొగ మెట్లలోకి రాకుండా ఆపేది అదే. దాన్ని తెరిచి వదలండి, పూర్తిగా మూసుకుందా? గాలి రావట్లేదని ఇటుక అడ్డం పెట్టి ఉంచారా?

నీళ్ళు: ప్రతి అంతస్తులో అద్దం ఉన్న ఎర్రటి పెట్టె ఉంటుంది. లోపల గొట్టం, దాని చివర బిగించే ఇత్తడి నాజిల్ ఉండాలి. ఇత్తడికి మంచి రేటు వస్తుంది కాబట్టి మొదట మాయమయ్యేది ఆ నాజిలే. తర్వాత పంపు రూమ్. స్విచ్ ఆటోలో ఉండాలి, గేజ్ ముల్లు సున్నా మీద ఉండకూడదు. అక్కడ మూడు పంపులు ఉంటాయి: లైన్‌లో ఒత్తిడి కొద్దిగా తగ్గితే నింపే చిన్న జాకీ పంపు, అసలు పని చేసే కరెంటు పంపు, కరెంటు పోతే నడిచే డీజిల్ పంపు. డీజిల్ పంపు బ్యాటరీ చార్జింగ్‌లో ఉందా, ట్యాంకులో డీజిల్ ఉందా అడగండి. చివరిసారి ఎప్పుడు నడిపారని అడిగితే తేదీతో రిజిస్టర్ చూపించాలి.

భవనం చుట్టూ కూడా నడవండి. ఎత్తైన భవనాలకి చుట్టూ కనీసం 7 మీటర్ల ఖాళీ వదలాలని 2012 నాటి 168 జీవో చెబుతోంది, ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఖాళీ ఇంకా పెరగాలి. అగ్నిమాపక బండి తిరగడానికి ఆ జాగా. అక్కడే జనరేటర్ పెట్టి, పూలకుండీల గోడ కట్టి, విజిటర్ పార్కింగ్ గీతలు గీస్తే బండి ఎలా వస్తుంది? ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం, కాపీ అడగండి, దాని మీద తేదీ చూడండి.

6. లిఫ్టు, బాల్కనీ, పార్కింగ్

2025 ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ళ బాబు లిఫ్టుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి గ్రిల్ తలుపుల లిఫ్టు ఉన్న చోట చిన్నపిల్లలతో ఉండొద్దనే చెబుతున్నాను. ఆటోమేటిక్ తలుపైతే మూసుకునేటప్పుడు మధ్యలో చెయ్యి పెడితే వెనక్కి తెరుచుకోవాలి. కరెంటు పోతే దగ్గరి అంతస్తుకి వచ్చి ఆగి తెరుచుకునే ఏర్పాటు, ఏఆర్‌డీ అంటారు, ఉందో లేదో అడిగి ఊరుకోకుండా మెయిన్ ఆపించి చూడండి. లోపల అలారం బటన్ నొక్కండి. ఎవరైనా పలికారా?

కనీసం ఒక లిఫ్టులో స్ట్రెచర్ పట్టాలి. ఇది అంబులెన్స్ కోసమే కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు పోతే ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దించాల్సి రావడం ఎంత నరకమో మా పక్క బ్లాకులో చూశాను. పార్థివదేహాన్ని కాసేపు ఉంచి నలుగురూ చూసుకోవడానికి కింద జాగా ఇస్తారా, అద్దెకున్నవాళ్ళకీ ఇస్తారా అని నేను సంఘం వాళ్ళని సూటిగా అడుగుతాను. అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగండి.

బాల్కనీ రెయిలింగ్ పెద్దవాళ్ళ నడుము దాటి ఉండాలి. అడ్డకడ్డీలు ఉంటే పిల్లలకి అది నిచ్చెన, నిలువు కడ్డీలైతే మధ్య సందు నాలుగు అంగుళాలు మించకూడదు. చేత్తో పట్టుకుని గట్టిగా ఊపండి, కదిలితే రాసుకోండి.

పార్కింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను: మీ నంబరు అగ్రిమెంటులో ఉండాలి, స్తంభం తలుపుకి అడ్డం రాకుండా మీ కారే అక్కడ పెట్టి చూడాలి. కింద అంతా స్తంభాల మీద నిలబెట్టిన స్టిల్ట్ పార్కింగ్ అయితే స్ట్రక్చరల్ ఇంజనీర్ ఎవరో, డిజైన్ ఎవరు తనిఖీ చేశారో అడగండి. 2001 భుజ్ భూకంపంలో రెండొందల కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా ఇలాంటి భవనాలు కూలాయి, కింది అంతస్తులో గోడల్లేక బలహీనంగా ఉండటమే ప్రధాన కారణం.

7. నీళ్ళు, కరెంటు, వాసన

జలమండలి కనెక్షన్ వచ్చిందా, రోజుకి ఎన్ని నీళ్ళు వస్తున్నాయి, మిగతాది బోరా ట్యాంకరా? నోటిమాట వద్దు, మార్చి నుంచి మే వరకు ట్యాంకర్ బిల్లులు చూపించమనండి. నేను కోశాధికారిగా ఉన్నప్పుడు వేసవిలో మా ఖర్చులో అన్నిటికంటే పెద్ద అంకె అదే అయ్యేది, రాత్రి పన్నెండింటికి ట్యాంకర్ వాళ్ళకి ఫోన్లు చేస్తూ కూర్చునేవాళ్ళం. ఉప్పునీళ్ళైతే కుళాయిల మీద, షవర్ రంధ్రాల్లో తెల్లటి పెచ్చులు కనిపిస్తాయి, గీజర్ రెండేళ్ళకే పోతుంది. ఇంకుడు గుంతలు ఉన్నాయా అంటే మూతలు చూపిస్తారు. మూత తీయించండి.

ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఏ బ్లాకు కింద ఉంది? మీ బెడ్‌రూమ్ కిటికీ దాని పైన పడితే సాయంత్రాలు కిటికీ తెరవలేరు. బ్రోచర్‌లో ఇది ఎక్కడా కనిపించదు, సైట్ ప్లాన్‌లో ఉంటుంది. జనరేటర్ కూడా అంతే. బ్యాకప్ 'వంద శాతం' అంటే ఏసీకా, లైట్లు ఫ్యాన్లకా, కిలోవాట్లలో రాసివ్వమనండి.

8. మనుషులు

సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు వరకు పిల్లల పార్కు దగ్గర బెంచీ మీద ఊరికే కూర్చోండి. పిల్లలు రకరకాల వయసుల వాళ్ళు కలిసి ఆడుతున్నారా, పెద్దవాళ్ళు ఒకరినొకరు పలకరించుకుంటున్నారా, సెక్యూరిటీ అతనితో జనం ఎలా మాట్లాడుతున్నారు. గేటు దగ్గర పొద్దున పనికొచ్చే అక్కల్ని అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది, ఏ కమ్యూనిటీ గురించైనా వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. వాళ్ళు కూర్చోవడానికి జాగా, వాడుకోవడానికి శుభ్రమైన టాయిలెట్ ఉన్నాయా? వాళ్ళని మామూలు లిఫ్టు ఎక్కనివ్వరా? అక్కడ కొనడం నాకైతే ఇష్టం ఉండదు, ఎందుకంటే పనిమనిషిని అలా చూసేవాళ్ళు రేపు అద్దెకున్న కుర్రాళ్ళనీ, ముసలివాళ్ళనీ కూడా అలాగే చూస్తారు.

బైలాస్, అంటే సంఘం నియమావళి, కాపీ తెచ్చుకుని చదవండి. కుక్కపిల్లని పెంచుకోవచ్చా, అద్దెకి ఎవరికి ఇవ్వొచ్చు, హాల్‌లో వ్రతం చేసుకుంటే వచ్చిన చుట్టాల కార్లు ఎక్కడ పెట్టాలి. వినాయకచవితి, బతుకమ్మ, రంజాన్, క్రిస్మస్ ఏవేవి చేస్తారు, ఖర్చు చందాలతోనా మెయింటెనెన్స్‌లోంచా అన్నది కూడా అడగండి. మా దగ్గర జరిగిన గొడవల్లో సగం దీని మీదే.

9. సంఘం లెక్కలు

మెయింటెనెన్స్ ఎస్‌ఎఫ్‌టీకి నాలుగు రూపాయలంటే 1,650 ఎస్‌ఎఫ్‌టీకి నెలకి 6,600. నెలకి 7,500 దాటి, సంఘం ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. ఈతకొలనులు, జిమ్‌లు పెరిగేకొద్దీ ఈ అంకె పెరుగుతుంది, ఎప్పటికీ మీతోనే ఉంటుంది, లోను తీరిపోయాక కూడా. కార్పస్ ఫండ్, అంటే ముందుముందు పెద్ద ఖర్చుల కోసం కొన్నవాళ్ళ దగ్గర మొదటే తీసుకునే నిధి, ఎవరి ఖాతాలో ఉంది, బిల్డర్ సంఘానికి అప్పజెప్పాడా, ఎప్పుడు, వడ్డీతోనా? మేం మా కార్పస్ చేతికి తెచ్చుకోవడానికి మూడేళ్ళు తిరిగాం. పోయిన ఏడాది ఆడిట్ లెక్కలు చూపించలేని సంఘం ఉన్నచోట మిగతా జవాబులు కూడా నమ్మలేరు.

10. తాళాలు తీసుకునే రోజు

ఓసీ లేకుండా తాళాలు తీసుకోకండి, గృహప్రవేశం ముహూర్తం దాటిపోతుందన్నా సరే. పాలు పొంగించడం ఇంకో మంచిరోజు చూసి చేసుకోవచ్చు, కానీ ఒకసారి దిగాక బిల్డర్ మీద మీకున్న పట్టు సగం పోతుంది.

ఆ రోజు ఒక బకెట్, ఒక గోళీ, ఒక రూపాయి బిళ్ళ, ఫోన్ చార్జర్ తీసుకెళ్ళండి, తోడుగా మీకు నమ్మకమున్న ప్లంబర్ బాబాయ్ ఎవరైనా వస్తే ఇంకా మంచిది. బాత్రూమ్‌లో బకెట్ నీళ్ళు కుమ్మరించి జాలీ వైపు పోతున్నాయా మూలకి పోతున్నాయా చూడండి. బాల్కనీలో గోళీ వదలండి, అది హాల్ వైపు దొర్లితే వాన నీళ్ళు కూడా అటే వస్తాయి. బిళ్ళతో టైల్స్ మీద కొట్టుకుంటూ వెళ్ళండి, డొల్ల శబ్దం వచ్చిన ప్రతి టైలు మీద సుద్దతో గుర్తు పెట్టండి. చార్జర్‌తో ప్రతి ప్లగ్గూ చూడండి. మీటర్ బోర్డులో ఆర్‌సీసీబీ అనే వెడల్పాటి స్విచ్ మీద 'టి' అక్షరం ఉన్న చిన్న బటన్ ఉంటుంది, నొక్కితే టక్కుమని పడిపోవాలి. పడకపోతే షాక్ కొట్టినప్పుడు కూడా పడదు. బాత్రూమ్ జాలీ మూసి రెండంగుళాల నీళ్ళు నింపి ఒకరోజు ఉంచి, కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ చూసి రండి.

దొరికినవన్నీ ఫొటోలతో, తేదీతో మెయిల్ చేయండి, వాట్సాప్‌తో సరిపెట్టకండి. స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి మీరు తెలియజేస్తే బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి, రెరా చట్టంలోని 14వ సెక్షన్ ఇది. అందుకే స్వాధీనపు ఉత్తరం మీద తేదీ సరిగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుని, స్కాన్ చేసి దాచుకోండి.

మా చెల్లి వాళ్ళు చివరికి పోయిన ఏడాది తెల్లాపూర్‌లో కొనుక్కున్నారు. క్లబ్‌హౌస్ చిన్నది. గృహప్రవేశం అయిన వారానికి ఫోన్ చేసి, "అక్కా, పంపు రూమ్ తాళం సెక్యూరిటీ గదిలో మేకుకి వేలాడుతోంది, నంబరు చీటీ కూడా అతికించారు, ఆటోలోనే ఉంది, నేనే వెళ్ళి చూసొచ్చా" అంది.